పానాలమ్మ చోటు

“విన్నావా తమ్ముడూ, అది పద్నాలుగు అడిగింది, వాడు పన్నెండు అందించాడు. పైగా ఇద్దరూ కలిసి నవ్వుకుంటున్నారు. తప్పు పానా ఇచ్చి ముద్దు చేయించుకునేవాణ్ణి వీణ్ణే చూశాను. నేనే గనక అలా ఇచ్చుంటే ఆ పానా గేటు దాటి వీధిలో పడేది.”

“ఎప్పుడైనా ఇచ్చారా అక్కా అలా?”

“ఇస్తే కదా పడటానికి.”

మేడ మీది వాటాలో అద్దెకుంటున్న టైలరు నవ్వి, ఒళ్ళోని దిండు గలీబు అంచు కుట్టుకోవడంలో పడ్డాడు. సెలవు రోజున మధ్యాహ్నం పూట ఏదో ఒక చేతికుట్టు పట్టుకుని కిందికి దిగి, ఇంటివాళ్ళ మెట్ల మీద కూర్చోవడం అతనికి అలవాటు. అతనికి వినడం ఇష్టం, పెద్దావిడకి చెప్పడం ఇష్టం. సూదికి తగ్గ దారం దొరికినట్టు ఇద్దరికీ కుదిరింది.

మెట్లకి ఎదురుగా, ప్రహరీగోడని ఆనుకున్నట్టుగా, పికప్ బండి బానెట్ ఎత్తుకుని ఉంది, పళ్ళ డాక్టరు ముందు నోరు తెరిచిన మనిషిలాగా. వాకిలి వైపు నుంచి కోడలు, పనికి తొడుక్కునే రెండు జేబుల చొక్కాతో, నడుము దాకా అందులోకి వంగి ఉంది. పెద్దావిడ ఒక్కగానొక్క కొడుకు పక్కనే స్టూలు మీద కూర్చుని, పానాల పెట్టె ఒళ్ళో పెట్టుకుని, అడిగినవీ అడగనివీ అందిస్తున్నాడు.

“మేస్త్రిగారికి ఇంకేం కావాలి?” అన్నాడు కొడుకు.

“మేస్త్రిగారికి ముందు చెమట తుడవండి. కళ్ళలోకి కారుతోంది.”

వాడు తన చొక్కా చేతితో పెళ్ళాం నుదురు తుడిచాడు. పెద్దావిడ ముఖం పక్కకి తిప్పుకుంది. అంతలోనే మళ్ళీ ఇటు తిప్పుకుంది. చూస్తే ఒళ్ళు మండుతోంది, చూడకపోతే ఏం జరుగుతోందో తెలియక ఇంకా ఎక్కువ మండుతోంది.

నిన్న సాయంత్రం కోడలు పరుపులు దింపేసి ఇంటికొస్తుంటే బండిలో బ్యాటరీ గుర్తున్న ఎర్రదీపం వెలిగింది. వీధి మలుపు తిరిగేసరికి హెడ్‌లైట్లు చూపు ఆనని ముసలి కళ్ళలా అయిపోయాయి. గేటు దగ్గర హారన్ కొడితే మేక దగ్గినట్టు వినిపించింది. వంటగదిలో ఉన్న పెద్దావిడ ఆ దగ్గు విని, “డైనమో పోయింది” అంది. వినడానికి అక్కడ పొయ్యి మీది పాలు తప్ప ఎవరూ లేరు. బయట కోడలు బండి దిగుతూనే, “ఆల్టర్నేటర్ పోయినట్టుందండీ” అంది మొగుడితో. ఇంజను తిరిగినంతసేపూ బెల్టుతో పాటు తిరిగి బ్యాటరీకి కరెంటు నింపే వస్తువు అది. పేర్లు రెండైనా వస్తువు ఒక్కటే. ముందు కనిపెట్టింది అత్త, ముందు వినిపించింది కోడలు. ఇంట్లో చెల్లేది వినిపించిన మాటే కదా.

ఆవిడకి ఆ వీధిలో పానాలమ్మ అని పేరు. ఎవరు పెట్టారో తెలియదు గానీ, ఆ పేరు ఆవిడకి మెడలో నగతో సమానం. పెళ్ళై వచ్చేనాటికి ఆవిడ భర్త ఎవరి బండో కూలికి నడిపేవాడు. సొంత బండి కొన్నాక దాన్ని ఏ మెకానిక్కు చేతికీ ఇవ్వలేదు. “నా బండి మీద పరాయి చెయ్యి పడితే నాకు నిద్ర పట్టదు” అనేవాడు. కొత్త పెళ్ళికూతురికి ఆ మాట గుచ్చుకుంది. తనకి జ్వరం వచ్చిన రోజు గుర్రుపెట్టి నిద్రపోయిన మనిషి ఆయనే మరి. అలా ఆవిడ మొట్టమొదట కుళ్ళుకున్నది ఈ బండిని చూసే. సవతిని గెలవలేనప్పుడు దాని కొలువులోనైనా చేరాలనుకుందో ఏమో, ఒకనాడు టార్చిలైటు పట్టుకెళ్ళి గోడకీ బండికీ మధ్య సందులో నిలబడింది. సన్నగా ఉండేది కాబట్టి పట్టింది. ఆ నిలబడటం ఆయన పోయేదాకా నిలబడింది.

ఆయన వాకిలి వైపు, ఆవిడ గోడ వైపు, మధ్యలో ఇంజను. ఆయన తల లోపలే ఉండేది. ఒక చెయ్యి మాత్రం ఇంజను మీదుగా ఇవతలికి వచ్చేది, అరచెయ్యి పైకి పెట్టి. మాటా పలుకూ ఉండేది కాదు. భుజం ఎంత వంగింది, మోచెయ్యి ఎంత లోతుకు దిగింది, ఊపిరి ఎక్కడ బిగబట్టాడు, ఇవన్నీ చూసి ఆవిడ ఆ అరచేతిలో పానా పెట్టేది. గోడ మీద పరిచిన పానాల వైపు తల తిప్పకుండానే, ఎత్తి చూసి బరువుతో పోల్చుకునేది. “మా కాపురంలో మాటలు తక్కువ తమ్ముడూ, పానాలు ఎక్కువ” అనేది టైలరుతో. ఆయన పొగిడాడా అంటే లేదు. తిట్టాడా అంటే, పానాల విషయంలో ఒక్కనాడూ లేదు. కూరలో ఉప్పు విషయంలో మాత్రం లెక్కలేనన్నిసార్లు.

ఆయన పోయాక ఆ పానాలకి నూనె రాసి, ఆయన పాత చొక్కాలో చుట్టి, రేకుపెట్టెలో పెట్టి మంచం కిందికి తోసుకుంది. కొడుకు కొన్నాళ్ళు బండి నడిపి, నడుం నొప్పని వదిలేసి, ప్రింటింగ్ ప్రెస్సులో షిఫ్టు పనికి చేరాడు. ఇక బండి అమ్మేద్దామన్న మాట వచ్చినప్పుడు, “ఎందుకు, నేను నేర్చుకుంటాను” అంది కోడలు. అన్నట్టే నేర్చుకుంది. ఒక పరుపుల దుకాణం సరుకు ఇళ్ళకి చేరవెయ్యడానికి కుదుర్చుకుంది. పెద్దావిడ వీధి వీధంతా గొప్పగా చెప్పుకుంది. చెప్పుకుని ఇంట్లోకి వచ్చేసరికి ఆ గొప్ప చెప్పులతో పాటు గుమ్మం బయటే ఉండిపోయేది. స్టీరింగు వరకూ ఓర్చుకుంది, ఎందుకంటే స్టీరింగు ఎప్పుడూ తనది కాదు. కానీ కోడలు బానెట్ ఎత్తిన నాటి నుంచి ఆవిడకి ముద్ద సరిగ్గా దిగలేదు. ఆ బండి పక్కన తనకంటూ ఉన్నది ఒక్క చోటు. పానా అందించే చోటు. దానికి కూడా తనని పిలవకుండా, ఎడమకీ కుడికీ తేడా తెలియని కొడుకుని కూర్చోబెట్టుకుంది.

దానికి తోడు ఆ కొత్త పెట్టె ఒకటి. ప్లాస్టిక్‌ది. పానా ఆకారంలో ఒక్కోదానికి ఒక్కో గుంట, గుంట పక్కన నంబరు, నంబరుకో రంగు.

“అంత విడమరిచి రాసి పెట్టాక ఇంక మనిషెందుకు తమ్ముడూ? గుడ్డివాడికి కూడా దొరుకుతాయి.”

“మీవాడికి దొరకట్లేదు కదక్కా.”

“అదే నా బాధ. పనికిరానివాడికి కొలువు, పనికొచ్చేదానికి మెట్లు.”

పొద్దుట్నుంచీ తప్పు పట్టడానికే కూర్చుంది గానీ కోడలు ఆవిడకి ఆ అవకాశం ఇవ్వలేదు. పాతది విప్పేముందు బ్యాటరీ తీగ తీస్తుందా లేదా అని కాచుకుని చూసింది. తీసింది. బెల్టు వదులు చెయ్యకముందే బోల్టు ముట్టుకుంటుందా అని చూసింది. ముట్టుకోలేదు. వెతికినా తప్పు కనిపించకపోవడం కూడా ఒక బాధే. పాతది పట్టుకెళ్ళి, దానికి అచ్చంగా సరిపోయే కొత్తది కొనుక్కొచ్చింది. చార్జింగుకి ఇచ్చిన బ్యాటరీ తెచ్చిన మనిషి గేటు దగ్గర నిలబడి, “చిన్న పానాలమ్మగారూ, బ్యాటరీ ఎక్కడ పెట్టమంటారు?” అన్నాడు. అతను సరదాకే అన్నాడు. కానీ పెద్దావిడ మెడలోంచి ఎవరో నగ తెంపుకుపోయినట్టయింది. బతికుండగానే తన పేరు పంపకాలకి వచ్చిందని టైలరుతో అప్పటికి మూడుసార్లు చెప్పింది.

“ఒక మాట అడగనా అక్కా? ఇన్నేళ్ళు పక్కనే ఉన్నారు కదా. మీరెప్పుడైనా బోల్టు తిప్పారా?”

పెద్దావిడ బండి వైపు చూసింది. వాకిట్లో కోడలి మోచేతులు పైకీ కిందికీ ఆడుతున్నాయి. గోళ్ళ నిండా నలుపు. మణికట్టు మీద గీత. ఎప్పుడు గీరుకుందో దానికే తెలియదేమో.

“ఒకసారి అడిగాను” అంది చివరికి. “ఒక్క బోల్టు నేను బిగిస్తానండీ అన్నాను. వద్దులే, నీ చేతులు పాడైపోతాయి అన్నారాయన. ఆ రోజంతా నాకు భూమ్మీద కాలు ఆనలేదు తమ్ముడూ, నా చేతుల మీద ఈయనకి ఇంత ప్రేముందా అని. అంట్లు తోముతున్నప్పుడు కూడా చేతులు చూసుకుని మురిసిపోయాను.”

“తర్వాత?”

“తర్వాతేముంది. చేతులు పాడవలేదు. అంతే.”

టైలరు దారం కొరికి ముడి వేశాడు. పెద్దావిడ చూపు మాత్రం ఇంకోవైపు పోయింది. గోడ మూలనున్న పూలకుండీ వైపు. పొద్దుట్నుంచీ ఆ చూపు అటు పోతూనే ఉంది, పాలగిన్నె మీద పిల్లి చూపులా. టైలరు గమనించాడు గానీ, కుండీకి నీళ్ళు పోయాలేమో అనుకున్నాడు.

ఆవిడ చూస్తున్నది కుండీని కాదు, కుండీ కింద పడి ఉన్న వాషరుని. వెనకెప్పుడో ఇలాగే డైనమో పోయినప్పుడు సరైన జోడీ దొరక్క, ఆయన వేరే రకం బండిది తెచ్చి బిగించాడు. బోల్టు దగ్గర వేలెడు లేని చిన్న ఖాళీ మిగిలింది. అది పూడ్చడానికి, మందంగా ఉంగరంలా ఉండే వాషరు ఒకటి ఆకురాయితో అరగదీసి తనే చేసుకున్నాడు. అది ఉంటేనే డైనమో తన చోట తను నిలుస్తుంది, బెల్టు తిన్నగా నడుస్తుంది. ఏ దుకాణంలోనూ ఏ ఫోనులోనూ దొరకని సంగతి అది. పొద్దున పాతది లాగినప్పుడు ఆ వాషరు గ్రీజు ముద్దతో సహా జారి, దొర్లి దొర్లి, కుండీ కిందికి పోయింది. వంగి ఉన్న కోడలు చూడలేదు. ఫోను చూస్తున్న కొడుకు అసలే చూడలేదు. చూసింది మెట్ల మీది పెద్దావిడ ఒక్కతే.

నోటిదాకా వచ్చిన మాట మింగింది. ‘అడగనీ. వచ్చి, అత్తయ్యా ఇక్కడేదో తేడాగా ఉంది, మీకేమైనా తెలుసా అని అడగనీ. అప్పుడు లేస్తాను’ అనుకుంది. అలా అనుకుని పొద్దుట్నుంచీ కూర్చునే ఉంది.

“అయిపోయింది. స్టార్ట్ చెయ్యండి” అంది కోడలు.

కొడుకు స్టూలు దిగి సీట్లోకి ఎక్కి తాళం తిప్పాడు. ఇంజను అందుకుంది. అందుకున్న మరుక్షణం బెల్టు అరిచింది. మామూలు అరుపు కాదు, పలక మీద మేకుతో గీసినట్టు చెవుల్లోంచి దూరి పళ్ళలోకి దిగింది. పక్క మేడ మీద బట్టలారేస్తున్న మనిషి కూడా తొంగి చూశాడు.

“ఆపండి, ఆపండి.”

కోడలు బెల్టు బిగించి చూసింది. మళ్ళీ అరిచింది. వదులు చేసి చూసింది. అప్పుడూ అరిచింది, పైగా నల్లటి పొడి రాల్చింది. కోడలు చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడిపోయింది.

“కొత్తదే పాడుదేమో” అన్నాడు కొడుకు. “మెకానిక్కుకి ఫోను చేద్దాం. బండి తాళ్ళు కట్టి లాక్కుపోతాడు.”

“రేపు పొద్దున్నే లోడుందండీ.”

“ఉంటే ఏం చేస్తాం చెప్పు. మనకి చేతకాలేదు.”

“అక్కా” అన్నాడు టైలరు మెల్లగా. “మీకేమో తెలిసినట్టుందే.”

“నన్నెవరైనా అడిగారా?”

అడిగినవాళ్ళు లేరు. కోడలికి దక్కాల్సిన పొగడ్తకి బదులు అవమానం దక్కుతోంది. పొద్దుట్నుంచీ పెద్దావిడ కోరుకున్నది ఇంచుమించు ఇదే. తీరా కళ్ళ ముందుకొచ్చేసరికి అంత తియ్యగా లేదు. కొడుకు ఫోను చెవి దగ్గర పెట్టుకోవడం చూసింది. పరాయి చెయ్యి వస్తుంది. ఆ చెయ్యి ముందు తనకీ కోడలికీ ఇద్దరికీ చోటుండదు. ఇద్దరూ మెట్ల మీదే.

ఆవిడ లేచింది. మోకాళ్ళు చిటుక్కుమన్నాయి. తిన్నగా కుండీ దగ్గరికి నడిచి, వంగి, ఆ వాషరు తీసి, భుజాల మీది శాలువా కొసతో గ్రీజు తుడిచి కోడలి ముందు పట్టుకుంది.

“ఇది లేకుండా బిగిస్తే అరవక పాడుతుందా?”

కోడలు వాషరుని చూసింది. కుండీని చూసింది. తర్వాత అత్తని చూసింది.

“ఎప్పుడు చూశారు అత్తయ్యా దీన్ని?”

“పడ్డప్పుడే.”

“చెప్పొచ్చు కదా.”

“అడగొచ్చు కదా.”

కొడుకు ఫోను దించి, ఇద్దరి మధ్యకీ రాబోయి, ఎందుకొచ్చిన గొడవని మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాడు.

“నేనడగను” అంది కోడలు. గొంతు పెంచలేదు గానీ ముక్కుపుటాలు అదిరాయి. “మీకు తెలియదు అత్తయ్యా, ఈయన పానా వెతుక్కునే ప్రతిసారీ ఏమంటారో. మా అమ్మయితే అడక్కుండానే అందించేది, మా అమ్మ కళ్ళు మూసుకుని తీసేది, మా అమ్మ, మా అమ్మ. ఆ రంగు నంబర్ల పెట్టె ఎందుకు కొన్నాననుకున్నారు? ఆ మాట వినలేక కొన్నాను. ఈ ఒక్క పనైనా మీరు లేకుండా చేసి చూపించాలని.”

పెద్దావిడ కొడుకు వైపు చూసింది. వాడు పెట్టెలో పానాలు సర్దుతున్నాడు, ఇంతకుముందే సర్ది ఉన్నవి. వీడు అలా అంటాడని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. లోపలెక్కడో చల్లగా ఏదో దిగింది. బయటికి మాత్రం కనబడనివ్వలేదు.

“సరే. పక్కకి జరుగు” అంది.

“మీరా?”

“నేనే. చేతులు పాడైతే పాడవనీ.”

ఇంజను మీదికి వంగబోయేసరికి కోడలు చటుక్కున ఆవిడ శాలువా పట్టుకుంది. “దీంతో బెల్టు దగ్గరికి వద్దు అత్తయ్యా, లాగేస్తుంది” అని తీసి మొగుడి మీద పడేసింది. వాడు శాలువా కప్పుకుని స్టూలు మీద కూర్చున్నాడు, చలి జ్వరం వచ్చినవాడిలా.

ఆయన నిలబడే చోట ఆవిడ నిలబడటం అదే మొదటిసారి. లోపలికి వంగి, తల తిప్పకుండా, అరచెయ్యి పైకి పెట్టి చెయ్యి చాపింది. అందులో పానా వచ్చి పడింది.

“పన్నెండు కాదు, పద్నాలుగు.”

“అది పద్నాలుగే అత్తయ్యా.”

పైకి తీసి చూసుకుంది. పద్నాలుగే. “ఈ కాలం పానాలకి బరువు లేదు” అని గొణిగి పని మొదలుపెట్టింది.

బోల్టు తిరగలేదు. ఆయన తిప్పుతుంటే వెన్నలో చెంచాలా తిరిగేది. రెండు చేతులూ వేసి లాగితే ఒక్కసారిగా వదిలింది, వేలి కణుపులు ఇనుముకి తగిలి చర్మం లేచింది. అబ్బ అనబోయి ఆపుకుంది. రక్తం చుక్క చూసుకుంది. ఎవరికీ చూపించలేదు గానీ, ఆ చేతినే ముందుకు పెట్టి పని చేసింది. వాషరు ఎడమవైపు రావాలి. అది ఆవిడకి బాగా గుర్తు. ఎన్నిసార్లు చూసిందో. డైనమోకి చెవిలా పొడుచుకొచ్చిన ఎడమ కొస దగ్గర బోల్టు దూర్చి, వాషరు పెట్టి, కోడలు బెల్టు లాగి పట్టుకుంటే బిగించింది. చెమట కళ్ళలోకి కారింది. తుడిచే నాథుడు లేడు. చొక్కా చేతితో తుడిపించుకోవడం మొగుళ్ళున్నవాళ్ళకే అనుకుని తన మోచేత్తో తనే తుడుచుకుంది.

“ఊఁ. ఇప్పుడు తిప్పరా తాళం.”

బెల్టు అరిచింది. అదే అరుపు. పాట మారలేదు, కనీసం రాగం కూడా మారలేదు.

కొడుకు ఇంజను ఆపి సీట్లోంచి తల బయట పెట్టి, “అమ్మా, నాన్న పెట్టింది ఇదేనా?” అన్నాడు. ఆ మాటలో వెటకారం లేదు. ఉంటే బాగుండేది, తిట్టడానికి వీలుండేది. టైలరు గలీబులోకి తల దించేశాడు. పెద్దావిడ పానా పట్టుకుని నిలబడింది. ఇన్నేళ్ళ తన కొలువంతా చిల్లుకుండలో నీళ్ళలా కారిపోతున్నట్టుంది. చూసింది, కళ్ళారా చూసింది, ఎడమవైపే.

కోడలు ఏదో ఆలోచిస్తూ బండినీ గోడనీ మార్చి మార్చి చూసింది.

“అత్తయ్యా, మీరెప్పుడూ ఎటు నిలబడేవారు?”

“అటు. సందులో.”

కోడలు సందులోకి పక్కవాటుగా దూరింది. ఆవిడంత సన్నం కాదు. వీపు గోడకి రాసుకుంది, సున్నం రాలింది, మధ్యలో ఒకచోట ఇరుక్కుని ఊపిరి వదిలి మళ్ళీ జరిగింది. ఎలాగో ఇంజను దగ్గరికి చేరి, తలెత్తి ఎదురుగా ఉన్న అత్తని చూసింది.

“ఇప్పుడు చెప్పండి. ఎడమంటే ఎటు?”

పెద్దావిడ ఎడమ చెయ్యి ఎత్తింది. అవతల కోడలు కూడా ఎత్తింది. ఒకరి చెయ్యి బండి వెనక వైపు చూపించింది, ఇంకొకరిది ముందు వైపు. ఇద్దరూ చేతులెత్తుకుని ఒకరినొకరు చూసుకున్నారు.

“అయ్యో నా బుద్ధి” అంది పెద్దావిడ. “నేను ఎన్నేళ్ళు చూసినా అటు నుంచే కదా చూశాను.”

“మీరే విప్పండి. ఇక్కణ్ణించి నేను వాషరు పట్టుకుంటాను. మీ ఎడమ కాదు, నా ఎడమ.”

బోల్టు ఈసారి మొండికెయ్యలేదు. లేక ఆవిడ చేతికే అది తెలిసిపోయిందేమో. ఇంజను మీదుగా కోడలి చెయ్యి ఇవతలికి వచ్చి, రెండు వేళ్ళతో వాషరుని చెవికి ఆనించి పట్టుకుంది. బోల్టు దూరింది. ఆవిడ బిగించింది. బిగించాక ఇంకొంచెం బిగించింది.

కొడుకు తాళం తిప్పాడు. ఇంజను గొంతు సవరించుకుని తన మామూలు మాటలో పడింది. అరుపు లేదు. కాసేపటికి బెల్టు తిరుగుతోందో లేదో వంగి చూస్తే తప్ప తెలియలేదు.

“దీపం ఆరిపోయింది” అని సీట్లోంచి కేకేశాడు కొడుకు. దిగి వచ్చి పెళ్ళాన్ని సందులోంచి చెయ్యి పట్టుకుని లాగాడు. “భలే కనిపెట్టావు. నాకైతే జన్మలో తట్టేది కాదు. ఏం బుర్రే నీది.”

పెద్దావిడ కడుపులో మళ్ళీ అగ్గిపుల్ల గీసినట్టయింది. వాషరు చూసింది తను. తెచ్చింది తను. చెయ్యి చీరుకున్నది తను. బుర్ర మాత్రం దానిదా? కోడలు అత్త ముఖం చూసి, మొగుడి భుజం మీదున్న శాలువా లాగి, “బిగించింది అత్తయ్య. అది కూడా చెప్పండి” అంది. వాడు నాలుక కరుచుకుని, “అమ్మ సంగతి చెప్పాలా, అమ్మ అమ్మే” అన్నాడు. అలా అన్నప్పుడు కోడలి పెదవి ఒక మూల కాస్త వంకర తిరిగింది. పెద్దావిడ అది చూసింది. చూసినందుకు ప్రాణానికి హాయిగా ఉంది.

“ఒక చుట్టు తిరిగి చూసొస్తాం” అంది కోడలు తలుపు తీస్తూ. “మీరూ రండి అత్తయ్యా, ముగ్గురం పడతాం.”

“నేనెందుకు మధ్యలో. మీరెళ్ళండి.”

వాళ్ళు వెళ్ళారు. గేటు దాటాక హారన్ మోగింది, మేకలా కాదు, బండిలా. పెద్దావిడ మెట్ల మీద తన చోట్లో కూర్చుని మలుపు దాకా చూసింది.

“చూశావా తమ్ముడూ. రెండోసారి పిలవలేదు.”

“మీరు రానన్నారు కదక్కా.”

“రాననడం నా మర్యాద. మళ్ళీ పిలవడం వాళ్ళ మర్యాద.”

టైలరు గలీబు మడతపెట్టాడు. ఆవిడ కుడిచెయ్యి తిప్పి తిప్పి చూసుకుంటోంది. గోళ్ళలో నలుపు, కణుపుల మీద ఎండిన రక్తం. కడుక్కోవడానికి లేచే ఉద్దేశం ఉన్నట్టు లేదు. వీధి మలుపు అవతల ఎక్కడో బండి గేరు మారిన చప్పుడు వినిపించింది. ఆవిడ తల ఎత్తింది.

“ఎక్కువసేపు తిరగరు. వచ్చేస్తారు. నువ్వు గబగబా పైకెళ్ళి కొలత టేపు పట్టుకురా.”

“ఎందుకక్కా?”

“నాకో చొక్కా కుట్టాలి. ఈ శాలువాలతో ఇంజను దగ్గర పనవదు. చేతులు మోచేతి దాకా చాలు, గుడ్డ ముదురు రంగు చూడు, నలుపు కనబడకుండా. కాదు, కాదు, కనబడితేనే బాగుంటుంది, లేత రంగే చూడు. దాని చొక్కాకి రెండు జేబులుంటాయి కదా, నాకు మూడు పెట్టు. వెళ్ళు నాయనా, అది గేట్లోకి రాకముందే కొలతలైపోవాలి.”